ఇనోఇనో అనే మాటకి వాడుక

రాజధాని ఆపియా నుంచి నిఘంటువు వాళ్ళు పంపిన ఫారంలో ఒక్కో మాటకి మూడు గడులున్నాయి. అర్థం, పుట్టుక, వాడుక. నా వంతుకి మూడు మాటలొచ్చాయి. మొదటి రెండూ వంటింటి మాటలు, మంగళవారానికల్లా రాసి పక్కన పెట్టాను. మూడోది ఇనోఇనో.

ముప్పై తొమ్మిదేళ్ళు బళ్ళో పాఠం చెప్పినదాన్ని. ఖాళీ గడి కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. అర్థం గడిలో ఇలా రాశాను: "రోత. ఇది ఒట్టి అయిష్టం కాదు, కోపమూ కాదు. కోపం తలలో పుడుతుంది, ఒకనాటికి చల్లారుతుంది. ఇది కడుపులో పుడుతుంది. ఎదుటి మనిషిని చూడగానే మింగిన ముద్ద పైకొచ్చేటంత ఏవగింపు." పుట్టుక గడిలో రాశాను: "ఇనో అంటే చెడు. హవాయి వాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. మావోరీలు కినో అంటారు. ఆ 'క'ని మన సమోవా వాళ్ళం ఏనాడో మింగేశాం. చెడుని రెండుసార్లు పలికితే ఈ మాట అయింది. ఒక్కసారి అంటే చాలదని మన పెద్దవాళ్ళకి ఎవరి మొహం చూశాక తోచిందో తెలియదు." ఆఖరి వాక్యం నిఘంటువులో వెయ్యరని నాకూ తెలుసు. అయినా కొట్టెయ్యలేదు.

మిగిలింది వాడుక. ఆ మాటతో ఒక సరైన వాక్యం కావాలి, అంతే. పక్కింటి మసినాని అడిగాను. ఆవిడ అరుగు మీద కూర్చుని టారో దుంపలు చెక్కు తీస్తోంది.

"దానికేం భాగ్యం? నాకు డబ్బా చేపలంటే ఇనోఇనో అని రాయి" అంది.

"మొన్న శనివారం రెండు డబ్బాలు ఖాళీ చేశావు. అది వాడుక కాదు, వాగుడు."

"సరే. మా ఆయన గురక అంటే ఇనోఇనో."

"ఆయన పోయినప్పుడు గురక వినపడక నిద్ర పట్టడం లేదని నా దగ్గరే ఏడ్చావు కదే."

మసినా కత్తి ఆపి నా మొహంలోకి చూసింది. "ఊరంతా తిరగడం దేనికి ఫెతూ? ఈ ద్వీపంలో ఆ మాటని సరిగ్గా వాడినది నువ్వొక్కదానివే. నలభై ఒక్కేళ్ళ కిందట, మీ చెల్లెలి శవం ముందు. నేనక్కడే ఉన్నాను, చెవులారా విన్నాను. అదే రాసెయ్."

నేను ఇంటికొచ్చేశాను. మసినాకి నోరు పెద్దదే గాని అబద్ధం చెప్పదు.

నా చెల్లెలి పేరు తోఆఫా. పక్క జిల్లాలో లెవావో అనే అతనికిచ్చి పెళ్ళి చేశాం. పెళ్ళికి మా అమ్మ రెండేళ్ళు కూర్చుని అల్లిన సన్నచాప ఇచ్చాం. సన్నచాప అంటే పడుకునే చాప కాదు. పట్టుగుడ్డలా ఉంటుంది, అంచుకి ఎర్ర ఈకలుంటాయి, మా దగ్గర దానికి మించిన మర్యాద లేదు. ఏడాది తిరిగేసరికి తోఆఫాకి నెలలు నిండాయి, నొప్పులొచ్చాయి. ఆ ఊరికంతా ఒకటే ట్రక్కు, అది లెవావోది. ఆ రోజు అతను ఆ ట్రక్కులో ఊరి జట్టుని ఎక్కించుకుని క్రికెట్టు ఆటకి పోయాడు. మధ్యాహ్నం మనిషి పరిగెత్తుకుంటూ వెళ్ళి కబురు చెబితే, ఈ ఒక్క ఇన్నింగ్సు అయిపోగానే వస్తున్నానన్నాడట. మా క్రికెట్టులో ఒక ఇన్నింగ్సు ఎంతసేపు సాగుతుందో దేవుడికే తెలియాలి. సాయంత్రానికి అతనొచ్చాడు. బిడ్డ బతికింది. నెత్తురు ఆగక తోఆఫా పోయింది. దానికి అప్పుడు ఇరవై రెండేళ్ళు.

శవం దగ్గర, పాస్టరు ప్రార్థన ముగించగానే, నేను లేచి నిలబడి లెవావో మొహం మీద ఆ మాట అన్నాను. నువ్వంటే నాకు ఇనోఇనో అన్నాను. బిడ్డని మేం పెంచుకుంటామని అమ్మ అడిగింది, వాళ్ళు ఇవ్వలేదు. అప్పట్నుంచీ నా ఇంట్లో ఆ మనిషి పేరు ఎత్తడానికి వీల్లేదు. మంచి కబురైనా చెడు కబురైనా సరే, ఎత్తితే నేను లేచి వెళ్ళిపోతాను. ఆ పిల్లని, ఇవా అని పేరు పెట్టారట, రెండుసార్లు బస్సులో చూశాను. రెండుసార్లూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ పిల్ల చేసిన తప్పేం లేదు. కాని అది అతని ఇంటి కూడు తిన్న పిల్ల.

గురువారం దాకా వాడుక గడి ఖాళీగానే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నా కొడుకు పెనీని ట్రక్కు కొట్టింది.

పెనీ రోడ్డు పక్కన సైకిలు మీద వస్తున్నాడు. ట్రక్కు మలుపులో వేగంగా వచ్చిందట. రెండు కాళ్ళూ విరిగాయి, లోపల కూడా దెబ్బ తగిలింది. మా ఆసుపత్రిలో చూసి, పడవ మీద ఆపియా పెద్దాసుపత్రికి పంపించారు. పడవలో ఇంటివాళ్ళు ఒక్కరినే రానిస్తామంటే నా కోడలు వెళ్ళింది. ట్రక్కు నడిపిన కుర్రాడి పేరు ఫిలిపో, వయసు పంతొమ్మిది. ఎవరి పిల్లాడని అడిగాను. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి మా తమ్ముడు ఆసోమువా చెప్పాడు.

"లెవావో మనవడు, అక్కా."

మా కుటుంబానికి పెద్ద ఆసోమువా. ఊరి సభలో లేచి మాట్లాడితే అందరూ వింటారు. నా ముందు మాత్రం చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించాడు. ఇంట్లో కుర్రాళ్ళు ఊరుకోలేదు. మా అన్న కొడుకు సమూ పెరట్లోకి పోయి కొడవలి నూరడం మొదలెట్టాడు. ఆ చప్పుడు నాకు బాగానే ఉంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, బాగానే ఉంది.

శనివారం ఇంకా వెలుగు రాకముందే వాళ్ళొచ్చారు.

దీన్ని మేం ఇఫోగా అంటాం. తప్పు చేసిన ఇంటివాళ్ళు తెల్లవారేలోపు వచ్చి, నష్టపోయిన ఇంటి ముందు నేల మీద తలొంచుకుని కూర్చుంటారు. ముందు వరసలో వాళ్ళ కుటుంబ పెద్ద, నెత్తి మీంచి సన్నచాప కప్పుకుని. పక్కన కట్టెలు, పొయ్యిరాళ్ళు పెట్టుకుంటారు. మమ్మల్ని చంపి వండుకున్నా మీ ఇష్టం అని చెప్పడం అది. నోరు విప్పరు. లోపలివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు, ఇంక పగ లేదు. ఎత్తకపోతే కూర్చునే ఉంటారు. ఎండెక్కినా, వానొచ్చినా. లోపలి కుర్రాళ్ళకి ఓపిక నశించి రాళ్ళు విసిరితే అవి పడాల్సింది ఆ చాప మీదే.

మా ఇంటికి గోడలు లేవు, అల్లిన తడికలు దించుకుంటాం. నేను తడిక సందులోంచి చూశాను. ఇరవైమంది దాకా ఉన్నారు. ముందు చాప, చాప కింద ఒక వంగిన మనిషి.

ఆసోమువా నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "నీ కొడుకు, అక్కా. నువ్వు ఊ అంటే ఇప్పుడే వెళ్ళి ఎత్తుతాను. కాదంటే ఎత్తను." మా ఆచారంలో అక్కచెల్లెళ్ళ మాట కుటుంబ పెద్దయినా దాటకూడదు. చాలామంది మగాళ్ళు దాన్ని ఉపన్యాసాల్లోనే పాటిస్తారు. మా వాడు నిజంగానే పాటిస్తాడు.

"కాదు" అన్నాను.

"సరే. కాని ఒక్క మాట విను. ఆ చాప కింద ఉన్నది..."

"ఎవరో నాకు తెలుసు. నా ఇంట్లో ఆ పేరెత్తకు."

"అది కాదు, పోయిన నెలలో వాళ్ళింట్లో..."

"వాళ్ళింట్లో ఏం జరిగితే నాకేం? లేచి వెళ్ళమంటావా నన్ను?"

వాడు నోరు మూసుకున్నాడు. ఎన్నేళ్ళుగానో అలవాటైన పని.

ఎండ పడేసరికి చాప అంచు ఎర్రగా కనిపించింది. ఎడమ మూలన ఒక బెత్తెడు మేర అల్లిక వంకరగా, పోగులు లావుగా ఉన్నాయి. ఆ మూల అల్లింది తోఆఫా. దానికప్పుడు పద్నాలుగేళ్ళు. అమ్మ ఆ చాప అప్పుడే మొదలుపెట్టింది. అమ్మ లేని సమయంలో నేను కూడా చేస్తానని కూర్చుని, ఒక పూటలో అంత మేర పాడుచేసింది. విప్పమంటే అమ్మ విప్పలేదు. దీని పెళ్ళికి దీనికే ఇస్తాను, మొగుడు రోజూ చూసి నవ్వుకుంటాడు అంది.

అన్ని చాపలుండగా ఆ చాపే కప్పుకొచ్చాడు, మా అమ్మ చేతిపని వెనక దాక్కున్నాడు, అనుకున్నాను. అప్పటిదాకా మనసులో ఏ మూలో కాస్త జాలి ఉంటే అదీ పోయింది. ఏ ట్రక్కుతో నా చెల్లెల్ని చంపాడో, ఆ ఇంటి ట్రక్కే నా కొడుకుని పడేసింది. ఇప్పుడు నా చెల్లెలి చాప కప్పుకుని నా వాకిట్లో కూర్చున్నాడు. కూర్చోనీ అనుకున్నాను.

ఎనిమిదింటికి పాస్టరు గారొచ్చారు. "ఫెతూ టీచరు, దేవుడు మనల్ని ఎన్నిసార్లు క్షమిస్తున్నాడు?" అన్నారు.

"ఆయన చెల్లెలు చనిపోలేదు లెండి" అన్నాను.

పాస్టరు గారు కోకో తాగి వెళ్ళిపోయారు. బయట నేల మీద కూర్చున్నవాళ్ళకి ఎవరూ నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వకూడదు, చాప ఎత్తేదాకా. ముసలాయనొకరు పక్కకి ఒరిగిపోతే వెనకున్న ఆడమనిషి పట్టుకుంది. చాప కింది మనిషి మాత్రం కదల్లేదు. ఎండ నడినెత్తికి వస్తోంది. అంత ఒత్తైన అల్లిక కింద ఉక్క ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్నప్పుడు మేమిద్దరం అమ్మకి కనపడకుండా ఇంట్లో ఉన్న పాత సన్నచాప కింద దూరి ఆడుకునేవాళ్ళం, క్షణంలో ఊపిరాడక బయటికొచ్చేవాళ్ళం.

సమూ కొడవలి పట్టుకుని రెండుసార్లు వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. రెండోసారి కాలితో ఒక పొయ్యిరాయిని తన్నాడు. అది దొర్లి చాపకి మూరెడు దూరంలో ఆగింది. ఆసోమువా వాణ్ణి లోపలికి పిలిచి, నాకేసి చూశాడు.

"అక్కా, పెనీకి ఏదైనా అయితే వీణ్ణి ఆపడం నావల్ల కాదు. ఇవాళ ఇక్కడ ఒకడు పడితే రేపు వాళ్ళ ఊళ్ళో ఒకడు పడతాడు. నాకున్నది ఇద్దరు కొడుకులు."

"నాకున్నది ఒక్కడు."

"అందుకే చెబుతున్నాను."

నేను ఫారం ముందేసుకుని కూర్చున్నాను. వాడుక గడి తెల్లగా కనిపిస్తోంది. కలం తీసి, 'లెవావో అంటే నాకు' దాకా రాసి ఆపాను. నిఘంటువులో మనుషుల పేర్లు వెయ్యరని గుర్తొచ్చి కొట్టేశాను.

పదకొండు కావస్తుండగా ఫోను మోగింది. నా కోడలు. ఆపరేషను అయిందట, కాళ్ళు నిలుస్తాయట, ప్రాణానికి భయం లేదట. ఇల్లంతా ఏడ్చారు, సమూ కూడా. తర్వాత కోడలు ఫోను పెనీ చెవి దగ్గర పెట్టింది. వాడి గొంతు మత్తుమందుతో ముద్దగా ఉంది.

"అమ్మా, వాళ్ళొచ్చారా?"

"వచ్చారు నాన్నా."

"నన్ను మోసుకెళ్ళడానికి మనిషి కావాలంటే ఆ ఫిలిపో నాతోపాటే పడవలో వచ్చాడమ్మా. ఒడ్డుదాకా నా తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ తలుపు బయటే ఉన్నాడు. లోపలికి రమ్మంటే రావట్లేదు. నువ్వు వాళ్ళని క్షమిస్తేనే వస్తాట్ట. చాప ఎత్తారా?"

"ఎత్తాం" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. వాడు "అమ్మయ్య" అని, ఎవర్నో పిలుస్తూ ఫోను పెట్టేశాడు.

నా కొడుకుతో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. వాడి నాన్న పోయిన రోజు కూడా, ఐదేళ్ళ పిల్లాడికి, పోయాడనే చెప్పాను. పదకొండు గంటలకి వాడితో ఎత్తామన్నాను కాబట్టి, పదకొండు గంటల ఒక నిమిషానికైనా అది నిజం కావాలి. క్షమించడానికి వెళ్ళలేదు నేను. ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఎత్తేటప్పుడు ఆ మొహం చూడకూడదు, చాప లాగేసుకుని వెనక్కి తిరిగి వచ్చెయ్యాలి అని వాకిట్లోకి నడుస్తూ నిశ్చయించుకున్నాను. మా అమ్మ చాప మా ఇంటికి వస్తుంది, నా కొడుకు దగ్గర నా మాట నిలుస్తుంది. అంతవరకే.

ఆసోమువా నా వెనకే వచ్చాడు. "అక్కా, ముందు నేను చెప్పేది..." అన్నాడు. నేను ఆగలేదు. రెండు చేతులతో చాప అంచు పట్టుకుని ఎత్తాను.

అక్కడ లెవావో లేడు. ఒక ఆడమనిషి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. జుట్టంతా చెమటకి తడిసి నుదుటికి అతుక్కుపోయింది, చెంప మీద చాప అల్లిక అచ్చుపడింది. ఆ నుదురు తోఆఫాది. ఆ కనుబొమ్మలు తోఆఫావి, ఎడమది కాస్త ఎత్తుగా. ఎండకి కళ్ళు చికిలించి నాకేసి చూసింది. కిటికీ వైపు తిరగడానికి అక్కడ కిటికీ లేదు.

"పెద్దమ్మా" అంది. గొంతు ఎండిపోయి మాట సరిగ్గా రాలేదు. "ఫిలిపో నా కొడుకు."

వెనకనుంచి ఆసోమువా మెల్లిగా చెప్పాడు. "లెవావోకి షుగరొచ్చి రెండు కాళ్ళూ తీసేశారు అక్కా, మంచం మీద ఉన్నాడు. పోయిన నెలలో కుటుంబ పెద్దరికం ఇవాకి ఇచ్చారు."

"చెప్పలేదేం రా?"

"చెప్పనిచ్చావా?"

ఇవా ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. "నాన్న వద్దన్నాడు" అంది. "ఆవిడ నన్ను అసహ్యించుకుంటుంది, నువ్వెళ్ళినా ఎత్తదు అన్నాడు. నేనే అమ్మ చాప తీసుకొచ్చాను. ఇది చూస్తే నేనని మీకు తెలుస్తుందనుకున్నాను. ఈ మూల వంకర మా ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మ అల్లిందని నాన్న నా చిన్నప్పట్నుంచీ చూపిస్తుంటాడు." కాస్త ఆగింది. "తెల్లారినప్పట్నుంచీ ఒకటే ఆలోచన, పెద్దమ్మా. మీరు చాపని గుర్తుపట్టలేదా, గుర్తుపట్టే ఎత్తలేదా అని."

నిజం చెప్పాలి. గుర్తుపట్టే ఎత్తలేదు.

"గుర్తుపట్టాను" అన్నాను.

ఇవా తలూపింది. కోప్పడలేదు, ఏడవలేదు. ఆవిడకి ఆ జవాబు ముందే తెలిసినట్టుంది. నేను పట్టుకుని లేపబోతే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. ఇద్దరం కలిసి అక్కడే నేల మీద కూలబడ్డాం. నా అరవై అయిదేళ్ళ మోకాళ్ళకి అది మంచి పనేం కాదు. సమూ కొడవలి ఎక్కడో పారేసి నీళ్ళు తెచ్చాడు. మసినా వాళ్ళింటి నుంచి టారో, కొబ్బరి పాలల్లో ఉడికిన ఆకులు, చివరికి రెండు డబ్బాల చేపలు కూడా వచ్చాయి. ఇరవైమందీ మా ఇంట్లోనే తిన్నారు. చాప మా ఇంట్లో ఉండిపోవాలి, ఆచారం అది. ఇవా వెళ్ళేటప్పుడు నేనే మడిచి దాని చేతుల్లో పెట్టాను. అది తీసుకోనంది. నాకు వాదించే ఓపిక లేదు, నీ తల్లి అల్లిన మూల నీది, మిగిలింది మా అమ్మది, కోసి ఇమ్మంటావా అన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు వాళ్ళమ్మది కాదు, లెవావోది. చూస్తూ కూర్చున్నాను. కడుపులో తిప్పుతుందేమోనని ఎదురుచూశాను. తిప్పలేదు.

లెవావోని నేను క్షమించానని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. క్షమించలేదు. అతను ఆ రోజు ఆట వదిలి రాలేదు, అది ఎప్పటికీ అలాగే ఉంటుంది. అయితే ఇప్పుడు నా ఇంట్లో అతని పేరెత్తవచ్చు. ఇవా ప్రతి ఆదివారం వస్తుంది, దాని మాటల్లో ఆ పేరు ఎలాగూ వస్తుంది. నేను లేచి వెళ్ళిపోను.

సోమవారం ఫారం పూర్తి చేశాను. వాడుక గడిలో రాసింది మసినాకి చదివి వినిపించాను: "ఆమె చాపని గుర్తుపట్టింది. ఎండలో అయిదు గంటలు ఎత్తలేదు. దాని కింద ఆమె చెల్లెలి కూతురుంది."

"బాగుంది గాని, ఇందులో ఆ మాటేదీ?" అంది మసినా.

"అవసరం లేదు" అని కవరు అంటించాను.